బ్యాక్‌గామన్ టోర్నమెంటులో తక్కువ స్థాయి ప్రత్యర్థి ఎదురైతే ఎలా ఆడాలి

టోర్నమెంటులో మీ ఎదుట కూర్చున్నది మీకంటే తక్కువ అనుభవం ఉన్నవారని తెలిసినప్పుడు ఆట తీరు మార్చుకోవాలా, మార్చుకుంటే ఎంత మేరకు అన్న ప్రశ్న ప్రతి ఆటగాడికీ ఎదురవుతుంది. నా అభిప్రాయం ఇది: కాయల నడకలో మార్పు అతి స్వల్పంగా ఉండాలి, డబ్లింగ్ క్యూబ్ (ఆట విలువను రెట్టింపు చేయడానికి వాడే పాచిక) విషయంలో మాత్రం గట్టిగానే ఉండాలి, అదీ అవతలివారి బలహీనత ఏ రకమైనదో కళ్లారా చూసిన తరువాతే జరగాలి. ఈ మూడింటినీ తారుమారు చేసి, మొదటి పందెం నుంచే వింత ఎత్తులు వేస్తూ క్యూబ్‌ను మాత్రం యథాలాపంగా వాడేవారు గెలవాల్సిన మ్యాచ్‌లను చేజార్చుకుంటారు.

ఆట నియమాలు మీకు తెలుసనే అనుకుంటున్నాను. బల్ల మీది 24 త్రికోణాలను గళ్ళు అని, గడిలో ఒంటరిగా ఉన్న కాయను ఒంటికాయ అని, ఒక గడిలో రెండు కాయలు చేర్చి దాన్ని సొంతం చేసుకోవడాన్ని గడి కట్టడం అని, పాచికల ఒక్కో వేతను పందెం అని ఇక్కడ రాస్తాను. అష్టాచెమ్మాలో చచ్చిన కాయ మళ్ళీ మొదటి నుంచి ప్రయాణం మొదలుపెట్టినట్టే ఇక్కడ కూడా దెబ్బ తిన్న ఒంటికాయ బార్ (బల్ల మధ్యలోని పట్టీ) మీదికి వెళ్ళి మళ్ళీ ప్రవేశించాలి. గళ్ళ సంఖ్యలన్నీ మీ వైపు నుంచి లెక్కించినవి. అంటే మీ వెనక కాయలు 24లో మొదలై 1 దిశగా నడుస్తాయి; 1 నుంచి 6 దాకా ఉన్న గళ్ళు మీ ఇల్లు. ఉదాహరణలకు 7 పాయింట్ల మ్యాచ్‌ను, అంటే ముందుగా 7 పాయింట్లు చేరినవారు గెలిచే మ్యాచ్‌ను, తీసుకుంటున్నాను.

ముందుగా మీ ఆధిక్యం ఎంతో లెక్క వేసుకోండి

1992లో మొదలైన ఫిబ్స్ అనే ఇంటర్నెట్ సర్వర్ ఆటగాళ్ళకు రేటింగు ఇవ్వడానికి ఒక సూత్రం వాడింది. ఇద్దరి రేటింగుల మధ్య తేడా, మ్యాచ్ పొడవు, ఈ రెండే అందులోకి వెళ్తాయి. ఆ సూత్రం ప్రకారం 200 రేటింగు పాయింట్ల తేడా ఉంటే, ఒక్క పాయింటు మ్యాచ్‌లో బలమైన ఆటగాడు గెలిచే అవకాశం దాదాపు 56 శాతం. 7 పాయింట్ల మ్యాచ్‌లో 65 శాతం. 11 పాయింట్ల మ్యాచ్‌లో 68 శాతం. 25 పాయింట్ల మ్యాచ్‌లో 76 శాతం.

ఈ అంకెల నుంచి మీరు గ్రహించాల్సినవి రెండు. మీరు ఎంత బాగా ఆడినా 7 పాయింట్ల మ్యాచ్‌లో అవతలివారు మూడింట ఒక వంతు కంటే ఎక్కువ సార్లు గెలుస్తారు, కనుక ఓటమి భయంతో గాని గెలుపు ధీమాతో గాని ఎత్తులు వేయకూడదు. రెండోది మరింత ముఖ్యమైనది: ఆట ఎంత సాగితే, ఎన్ని నిర్ణయాలు తీసుకోవాల్సి వస్తే, మీ ఆధిక్యం అంతగా పెరుగుతుంది. 7 పాయింట్ల మ్యాచ్ రెండే ఆటల్లో ముగిసిపోతే, మీరు నిజానికి చిన్న మ్యాచ్ ఆడినట్టే.

పాచికలు ఎంత దూరం తీసుకుపోగలవో చూపే ఉదంతం ఒకటుంది. 1979 జులైలో మాంటే కార్లోలో, అప్పుడే ప్రపంచ చాంపియన్ అయిన లుయీజీ విల్లాతో హాన్స్ బెర్లినర్ రూపొందించిన కంప్యూటర్ ప్రోగ్రాము 7 పాయింట్ల మ్యాచ్ ఆడి 7–1తో నెగ్గింది. ఆ తరువాత ఎత్తులన్నీ పరిశీలించిన బెర్లినర్, విల్లాయే మెరుగ్గా ఆడాడని, పాచికలు తన ప్రోగ్రాముకు అనుకూలించాయని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

మొదటి రెండు ఆటల్లో అవతలివారిని గమనించండి

మ్యాచ్ మొదలైనప్పుడు ప్రత్యర్థి మీతో సమానమైనవారే అన్నట్టు ఆడండి. ఈలోగా కొన్ని విషయాలు కనిపెట్టవచ్చు. 3-1 పడినప్పుడు 8 నుంచి, 6 నుంచి చెరొక కాయ దింపి 5వ గడి కట్టడం, 4-2 పడితే 4వ గడి, 6-1 పడితే 7వ గడి కట్టడం ఈ ఆటలో అక్షరాభ్యాసం వంటివి. ఇవి కట్టనివారు నిజంగా కొత్తవారు. ఇవి చక్కగా కట్టి, ఆ తరువాత తడబడేవారే టోర్నమెంట్లలో మీకు ఎక్కువగా తగులుతారు.

వారి మిగులు కాయలు ఎటు పోతున్నాయో చూడండి. భద్రత కోసం 1, 2 గళ్ళ లోతుల్లోకి కాయలు దించేసేవారు కొంతసేపటికి మిమ్మల్ని ఆపగలిగే శక్తి కోల్పోతారు. మీ ఇంటి గళ్ళలో కట్టుకున్న యాంకర్‌ను, అంటే అక్కడ వారు పట్టుకున్న గడిని, తొందరపడి విప్పేస్తున్నారా, క్యూబ్ ముందు కూర్చున్నప్పుడు పిప్‌లు (కాయలన్నీ బయటికి తీయడానికి ఇంకా నడవాల్సిన గళ్ళు) లెక్కపెడుతున్నారా లేక బల్ల వైపు ఒక చూపు చూసి జవాబు చెబుతున్నారా అన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

వీటన్నిటికంటే విలువైన సమాచారం క్యూబ్ దగ్గర దొరుకుతుంది. మీరు డబుల్ ఇస్తే, అంటే ఆట విలువ రెట్టింపు చేద్దామంటే, ఓటమి ఒప్పుకుని ఆ ఆటను తేలిగ్గా వదిలేస్తారా? ఏది ఇచ్చినా తీసుకుని ఆట కొనసాగిస్తారా? క్యూబ్ తమ చేతిలోకి వచ్చాక తిరిగి ఇవ్వడం తెలుసా, లేక ఆట చివరి దాకా పక్కన పెట్టి మరచిపోతారా? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసుకున్నా తప్పులేదు.

కాయల నడకలో ఎంత మార్చాలి

కంప్యూటర్ ప్రోగ్రాములు ఎత్తుల విలువను ఈక్విటీ (ఆటలో సగటున రాగల పాయింట్లు) అనే అంకెలో చెబుతాయి. ఉచితంగా దొరికే జీఎన్‌యూ బ్యాక్‌గామన్ ప్రోగ్రాము 0.04 నష్టం కలిగించే ఎత్తును అనుమానాస్పదం అని, 0.08 అయితే చెడ్డది అని, 0.16 అయితే చాలా చెడ్డది అని గుర్తు పెడుతుంది. ప్రత్యర్థిని దృష్టిలో పెట్టుకుని మీరు కావాలని వదులుకునే విలువ 0.02 లేదా 0.03 దాటకూడదన్నది నేను పాటించమని చెప్పే హద్దు. అంటే రెండు ఎత్తులు దాదాపు సమానంగా కనిపించినప్పుడు మాత్రమే అవతలివారి స్థాయి గురించి ఆలోచించండి. ఒకటి స్పష్టంగా మెరుగైనదైతే దాన్నే వేయండి.

సమానమైన ఎత్తుల మధ్య ఎంపిక ఎలా చేయాలంటే, ఇద్దరి కాయలూ ఒకదానికొకటి ఎదురుపడి ఉండే స్థితిని నిలిపే ఎత్తును ఎంచుకోవాలి. కాయలు దాటిపోయి ఒట్టి పరుగు పందెం మిగిలితే కొత్తవారు కూడా పెద్దగా తప్పు చేయలేరు. మెరుపుదాడి ఆటల్లోనూ ఫలితాన్ని ఎక్కువగా పాచికలే తేలుస్తాయి. ఇద్దరూ వరుస గళ్ళు కట్టి ఎవరు ముందు విప్పాలో తేలని స్థితి, యాంకర్లు పట్టుకుని అవకాశం కోసం కాచుకునే స్థితి, ఆట చివర దెబ్బ తిన్న కాయను బంధించాల్సిన స్థితి, ఈ మూడింటిలో అనుభవం లేనివారు ఎత్తు ఎత్తుకూ కొంచెం కొంచెంగా నష్టపోతారు.

మొదటి పందెం 6-4 పడిందనుకోండి. 24 నుంచి ఒకే కాయను 14 దాకా పరుగెత్తించవచ్చు. 24 నుంచి 18కి, 13 నుంచి 9కి నడపవచ్చు. 8 నుంచి, 6 నుంచి దింపి 2వ గడి కట్టవచ్చు. కంప్యూటర్ లెక్కలో మూడూ దాదాపు ఒకే విలువ. మొదటిది ఆటను పరుగు వైపు, మూడోది దాడి వైపు లాగుతాయి. 18కి, 9కి నడపడం బల్లంతా ప్రశ్నలు పరుస్తుంది: ఎక్కడ కొట్టాలి, కొడితే తిరుగు దెబ్బకు ఎంత గురవుతాం, ఏ గడి ముందు కట్టాలి అని అవతలివారు ఒకేసారి తూచుకోవాల్సి వస్తుంది. తక్కువ స్థాయి ప్రత్యర్థి ముందు నేను ఎంచుకునేది ఇదే.

2-1 విషయంలో ఇదే తర్కం మరో దారి పట్టిస్తుంది. 13 నుంచి 11కి దింపడం మామూలే. మిగిలిన 1తో కాయను 6 నుంచి 5కి దింపి ఒంటరిగా వదలవచ్చు, లేదా వెనక కాయను 24 నుంచి 23కి జరపవచ్చు. విలువలో తేడా నామమాత్రం. 5లో వదిలిన ఒంటికాయను 36 పందేల్లో 15 కొడతాయి; కొడితే మీకు 20 పిప్‌లు పోతాయి, కొట్టకపోతే బల్ల మీది ప్రధానమైన గడి దాదాపు మీదవుతుంది. ఆట సగభాగం ఒకే పందెం మీద తేలిపోయే ఇలాంటి ఎత్తు సమానుల మధ్య న్యాయమైనదే గాని, మీరు ఆధిక్యంలో ఉన్నప్పుడు 23కి జరపడమే నయం.

రెండు హెచ్చరికలు తప్పనిసరిగా చెప్పాలి. తికమక పెట్టాలన్న ఉత్సాహంతో బ్యాక్‌గేమ్‌లోకి కావాలని దిగకండి. అవతలివారి ఇంట్లో రెండు గళ్ళు పట్టుకుని, మిగతా కాయలు దెబ్బ తిన్నా పరవాలేదని కాచుకోవడం ఎంత నేర్పుగా ఆడినా గెలిచేదానికంటే ఓడేదే ఎక్కువైన స్థితి. పైగా ఓడినప్పుడు గామన్‌తో (ఒక్క కాయా బయటికి తీయకముందే ఓడిపోవడంతో) రెట్టింపు పాయింట్లు సమర్పించుకునే ప్రమాదం ఎక్కువ. అనుకోకుండా ఆ స్థితి వచ్చిపడితే ఓపికగా ఆడండి, అంతవరకే. రెండోది, "వారు గమనించరులే" అన్న ఆశతో ఒంటికాయను వదలకండి. 6 గళ్ళ దూరంలో ఉన్న ఒంటికాయను 36కి 17 పందేలు కొడతాయి. ఎదురుగా కనిపించే దెబ్బను చూడలేని ఆటగాడు టోర్నమెంటుకు రాడు.

ఇంకొకటి: క్లిష్టత కోరుకోవడం ఆట సమంగా ఉన్నప్పుడు, లేదా మీరు వెనకబడినప్పుడు మాత్రమే. మీరు స్పష్టంగా ముందుంటే కాయలను భద్రంగా ఇంటికి చేర్చండి.

క్యూబ్: అసలు మార్పు ఇక్కడే

క్యూబ్ తిరిగిన ప్రతిసారీ ఆట విలువ రెట్టింపవుతుంది, మ్యాచ్‌లో మిగిలిన ఆటల సంఖ్య తగ్గుతుంది. మీరు 2కు డబుల్ ఇచ్చి, అవతలివారు 4కు తిప్పి, ఒక అదృష్టపు పందెంతో గెలిస్తే 7లో 4 పాయింట్లు ఒక్క ఆటలో పోయినట్టు. కాబట్టి మొదటి డబుల్ ఇచ్చే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: వచ్చే రెండు పందేల్లో పరిస్థితి నాకు బాగా అనుకూలిస్తే, ఆ తరువాత ఇచ్చిన డబుల్‌ను వారు వదిలేయాల్సి వస్తుందా? అలాంటి పందేలు కొద్దిగానే ఉంటే, ఆధిక్యం సన్ననిదైతే, సమానుడితో ఇచ్చే డబుల్‌ను ఇక్కడ ఒక పందెం ఆపవచ్చు. ఎక్కువగా ఉంటే ఆపకండి. తీసుకోవాలో వదలాలో మీకే తేలని స్థితిలో డబుల్ ఇవ్వడమే సరైనదని కిట్ ఊల్సీ పేరిట ప్రసిద్ధమైన సూత్రం బలహీనుడి ముందు కూడా చెల్లుతుంది. ఎందుకంటే మీకే తేలనిది వారికి అంతకంటే కష్టం.

ఇక ప్రత్యర్థి రకాన్ని బట్టి నడుచుకోవాలి. భయపడి వదిలేసేవారి సంగతి ముందు చూద్దాం. గామన్‌లు, తిరుగు డబుల్ లేని ఒక సరళమైన స్థితిలో మీకు 70 శాతం గెలుపు ఉందనుకోండి. వారు తీసుకుంటే మీ సగటు రాబడి 70లోంచి 30 పోగా మిగిలిన 0.40కి రెట్టింపు, అంటే 0.80. వదిలేస్తే చేతికి 1 పాయింటు వస్తుంది. ఆ 0.20 వారు ఉచితంగా ఇచ్చినది. కనుక ఇలాంటివారికి, బల్ల చూడటానికి భయంకరంగా ఉండి లెక్క ప్రకారం తీసుకోదగిన స్థితి రాగానే, మామూలుకంటే కొంచెం ముందుగానే క్యూబ్ తిప్పండి. వారి కాయ ఒకటి బార్ మీద ఉండి, మీ ఇంట్లో నాలుగు గళ్ళు కట్టి ఉన్న దృశ్యం అలాంటి మనసును ఇట్టే వంచుతుంది.

ఏది ఇచ్చినా తీసుకునేవారితో దీనికి పూర్తిగా విరుద్ధంగా ఆడాలి. అదే సరళమైన స్థితి 85 శాతానికి చేరేదాకా ఆగి డబుల్ ఇచ్చారనుకోండి. వదిలేస్తే మీకు 1. తప్పుగా తీసుకుంటే 0.70కి రెట్టింపు, అంటే 1.40. సమానుడి విషయంలో "డబుల్ ఇచ్చే సమయం దాటిపోయింది" అని బాధపడే చోట ఇక్కడ బాధపడాల్సిన పనిలేదు. గామన్ కోసం డబుల్ ఇవ్వకుండా కొనసాగించాలని సిద్ధాంతం చెప్పే కొన్ని స్థితుల్లో కూడా, వారు తీసుకుంటారని మీకు గట్టి నమ్మకం ఉంటే, డబుల్ ఇచ్చి గామన్‌తో 4 పాయింట్లు పొందే దారి మెరుగు కావచ్చు. అయితే ఇవన్నీ స్కోరు మధ్యస్థంగా ఉన్నప్పటి లెక్కలు; మీకు రెండు పాయింట్లే అవసరమైనప్పుడు 4 వచ్చినా ఒరిగేదేమీ లేదు.

తిరుగు డబుల్ ఇవ్వడం తెలియని, లేదా ఎప్పుడూ ఆలస్యంగా ఇచ్చే ప్రత్యర్థికి క్యూబ్ అప్పగించడం వల్ల మీకు కలిగే నష్టం సిద్ధాంతం చెప్పిన దానికంటే తక్కువ. మొదటి డబుల్ ఆపాలన్న నా సలహాను అలాంటివారి విషయంలో సడలించుకోండి.

అవతలివారు మీకు డబుల్ ఇచ్చినప్పుడు ఏం చేయాలి? సాధారణ లెక్క 25 శాతం: వదిలితే నాలుగు ఆటల్లో 4 పాయింట్లు పోతాయి, తీసుకుని ఒకటి గెలిచి మూడు ఓడినా పోయేవి 4. బలమైన ఆటగాడు ఈ గీతకు కొంచెం పైన కూడా వదిలేయవచ్చని చాలామంది చెబుతారు, ఎందుకంటే ఒక్క పాయింటు పోయినా తరువాతి ఆటల్లో రాబట్టుకునే అవకాశం మీకు ఎక్కువ. నేను దీన్ని సగమే ఒప్పుకుంటాను. మిగిలినది ఎలాంటి ఆట అన్నది చూడకుండా ఈ సూత్రం వాడకూడదు.

ఒట్టి పరుగు మిగిలినప్పుడు సూత్రం సరిగ్గా పనిచేస్తుంది. పరుగులో డబుల్ ఇచ్చేవారి పిప్ లెక్క 100 అయితే, ఎదుటివారు 8 వెనకబడినప్పుడు డబుల్, 9 వెనకబడినప్పుడు తిరుగు డబుల్, 12 దాకా వెనకబడినా తీసుకోవడం అన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. వారికి 100, మీకు 112 ఉన్నప్పుడు వదిలేసి కొత్త ఆట మొదలుపెట్టడంలో తప్పులేదు. 109 ఉంటే మాత్రం తీసుకోవాల్సిందే. అదే మీరు వారి ఇంట్లో ఒక మంచి యాంకర్ పట్టుకుని ఉండి, వారు ఇంకా ఏడెనిమిది కాయలను మీ కాయల ముందు నుంచి దాటించుకోవాల్సి ఉంటే, గీత మీద ఉన్న స్థితిని కూడా ధైర్యంగా తీసుకోండి. దాటించే ప్రతి ఎత్తులోనూ వారు తప్పు చేసే వీలుంది. పైగా క్యూబ్ ఇప్పుడు మీ చేతిలో ఉంది, దాన్ని ఎప్పుడు తిప్పాలో మీకు తెలుసు.

స్కోరు చివరికి చేరినప్పుడు

5–5 స్కోరు దగ్గర అనుభవం లేనివారు ఎక్కువగా దారి తప్పుతారు. ఇక్కడ డబుల్ వదిలితే 6–5తో వెనకబడి మ్యాచ్ గెలిచే అవకాశం దాదాపు 30 శాతానికి పడిపోతుంది కనుక, ఆటలో అంతకంటే ఎక్కువ ఆశ ఉన్నవారు తీసుకోవాలి; తీసుకున్నాక ఆ ఆటే మ్యాచ్. సమానులు మొదట్లోనే క్యూబ్ తిప్పేయడం తప్పు కాదు. మీరు మాత్రం పరిస్థితి ఒక్కసారిగా మారిపోయే అవకాశం కనిపించేదాకా ఆగండి. డబుల్ ఇవ్వకుండా గామన్ గెలిచినా మ్యాచ్ మీదే, ఒక్క పాయింటే గెలిచినా మరో ఆట మిగులుతుంది. బలమైన దాడి మొదలుపెట్టే పందేలు రెండు మూడు రకాలుగా కనిపించిన క్షణంలో మాత్రం డబుల్ ఇచ్చేయండి.

ఒకరు 6కు చేరగానే తరువాతి ఆటలో క్యూబ్ వాడకూడదు. ఇది జాన్ క్రాఫర్డ్ పేరు మీద స్థిరపడిన నియమం. ఆ ఆట అయిపోయాక వెనకబడినవారు దొరికిన మొదటి అవకాశంలోనే డబుల్ ఇవ్వాలి. కొత్తవారు దీన్ని తరచూ మరచిపోతారు. మీరు ముందున్నప్పుడు ఏమీ అనకుండా ఆడుకుంటూ పోండి. వెనకబడినది మీరైతే ఒక్క పందెం కూడా ఆలస్యం చేయకండి. ముందున్న మీకు ఇంకో వెసులుబాటు ఉంది. వెనకబడినవారికి సరిసంఖ్యలో, అంటే 2 లేదా 4 పాయింట్లు కావాల్సి ఉంటే, వారి డబుల్‌ను ఒకసారి దాదాపు నష్టం లేకుండా వదలవచ్చు. మొదటి పందేలు మీకు కొంచెం ప్రతికూలంగా పడినా ఆ వెసులుబాటు వాడుకుని కొత్త ఆట మొదలుపెట్టండి. వారికి 3 కావాల్సి ఉన్నప్పుడు వదిలితే నిజంగానే నష్టం, అప్పుడు తీసుకోండి.

గడియారం, మర్యాద

చాలా టోర్నమెంట్లలో పాయింటుకు 2 నిమిషాల చొప్పున, అంటే 7 పాయింట్ల మ్యాచ్‌కు ఒక్కొక్కరికి 14 నిమిషాలు, ప్రతి ఎత్తుకు 12 సెకన్ల విరామంతో కలిపి ఇస్తారు. మామూలు ఎత్తులు ఆ 12 సెకన్లలోనే ముగించి, నిల్వ సమయాన్ని క్యూబ్ నిర్ణయాలకు దాచుకోండి. అవతలివారు త్వరగా ఆడుతున్నారని మీరూ వేగం పెంచకండి. మ్యాచ్ మధ్యలో వారి ఎత్తుల మీద వ్యాఖ్యానం చేయవద్దు. మ్యాచ్ ముగిశాక వారే అడిగితే మనసారా చెప్పండి.

మ్యాచ్ తరువాత

ఫోనులో గాని కాగితం మీద గాని ఎత్తులు నమోదు చేసుకుని ఉంటే వాటిని జీఎన్‌యూ బ్యాక్‌గామన్‌తో విశ్లేషించండి. ఆ ప్రోగ్రాము ఇద్దరూ తనలాగే ఆడతారని భావించి లెక్క కడుతుంది కనుక, ప్రత్యర్థిని చూసి మీరు కావాలని చేసిన ప్రతి మార్పునూ తప్పుగానే చూపిస్తుంది. ఆ మార్పులను మాత్రమే విడిగా తీసి, ఒక్కొక్కదాని నష్టాన్ని, దానికి ప్రతిఫలంగా అవతలివారు తరువాతి ఎత్తుల్లో చేసిన తప్పుల విలువను పక్కపక్కన రాసుకోండి. కాయల నడకలో చేసిన మార్పు ఏదైనా 0.04 దాటితే తదుపరి మ్యాచ్‌లో దాన్ని మానేయండి. క్యూబ్ దగ్గర చేసిన మార్పును మాత్రం ఒక్క మ్యాచ్ ఫలితంతో కొట్టేయకండి. అదే రకం ప్రత్యర్థులతో ఆడిన నాలుగైదు మ్యాచ్‌ల లెక్కలు చేతికి వచ్చాక, భయస్తులకు ముందుగా ఇచ్చిన డబుల్స్‌ను ఒక వైపు, అన్నీ తీసుకునేవారికి ఆలస్యంగా ఇచ్చినవాటిని మరో వైపు పెట్టి, దేనిలో ఎంత మిగిలిందో చూసుకుని మీ హద్దులను సవరించుకోండి.